నిరీక్షణయు గడువును: ఈవెంట్ లూపునందు టైమౌట్ నిర్ణయము

కంప్యూటరనగానే క్షణమైనను ఆగక లెక్కలు గట్టు యంత్రము మన మనస్సునకు దోచును. కాని నేడు వాడుకలోనున్న ప్రోగ్రాములలో పెక్కింటి కాలము లెక్కలు గట్టుటలో గాక, ఎదురు చూచుటలో గడచుచున్నది. బ్యాంకువారి సర్వరు ఖాతాదారుని కోరికకై ఎదురు చూచును. చేతిలోని ఫోను తెరపై వ్రేలు మోపుటకై ఎదురు చూచును. ఎవ్వరును పలుకరింపనిచో ఇట్టి ప్రోగ్రాము చేయవలసిన పని యేమియు నుండదు. ఊరక నిద్రించుటయే దానికి ధర్మము. అయితే ఎంతసేపు నిద్రింపవచ్చును? ఈ ప్రశ్న చూచుటకు మిక్కిలి చిన్నది. దీనిని నేను తప్పుగా గ్రహించుటవలన నొకప్పుడు గొప్ప నష్టము సంభవించినది. ఆ తప్పిదమును, దానిని దిద్దుకొను ప్రయత్నమున తెలిసికొన్న విషయములను ఈ వ్యాసమున వివరింప దలచితిని.

ఇట్టి సంచికలయందు శాసనములకు, వలసల చరిత్రకు, పలుకుబడుల పరిశీలనకు అగ్రస్థానము లభించుట న్యాయమే. వాని నడుమ నీ యంత్రవిషయమును జొప్పించినందులకు చదువరులు క్షమింతురుగాక. పారిభాషిక పదముల విషయమున నేను పంతము పట్టలేదు. పనివారి నోట నలిగిన లూపు, టైమౌట్, సర్వరు మొదలైన మాటలను అట్లే యుంచితిని. కాలమునకు సంబంధించిన చోట్ల మాత్రము నిడివి, గడువు అను రెండు తెలుగు మాటలను ఆశ్రయించితిని. ఈ రెంటికిని గల భేదమే యీ వ్యాసమునకు ప్రాణము. నిడివియనగా ఇంతసేపు, గడువనగా ఫలానా వేళ వఱకు.

ముందుగా లూపు స్వరూపమును తెలిసికొందము. ఒక చిన్న తపాలా కార్యాలయమున ఒకే గుమాస్తా యున్నాడనుకొనుడు. స్టాంపులకొక కిటికీ, మనియార్డరులకొక కిటికీ, రిజిస్టరు ఉత్తరములకొక కిటికీ కలవు. ఒక్కొక్క కిటికీకడ ఒక్కొక్క గుమాస్తాను గూర్చుండబెట్టుట యొక పద్ధతి. అట్లుగాక, ఒకే గుమాస్తా నడుమ కూర్చుండి, ఏ కిటికీకడ గంట మ్రోగిన ఆ కిటికీకి పోయి, ఆ పని ముగించి మరల తన చోటికి వచ్చి కూర్చుండుట మఱియొక పద్ధతి. ఈ రెండవదే ఈవెంట్ లూపు. గంట మ్రోగుటయే ఈవెంటు. కిటికీలకడ నెవ్వరును లేనపుడు గుమాస్తా కునుకు తీయవచ్చును. కాని సాయంకాలము 4 గంటలకు సంచి కట్టి సీలు వేయవలెనను విధి యొకటి అతనికి గలదు. ఆ వేళకు ఎవ్వరును గంట మ్రోగింపరు, అతడే లేవవలెను. కావున కునుకు తీయబోవు ముందు, “ఎవ్వరును రాకున్నను ఇంత సేపటికి నన్ను లేపుము” అని యొకరికి చెప్పి పడుకొనవలెను. ఆ చెప్పెడి కాలమే టైమౌట్.

ఆ లేపెడి పనిని ఆపరేటింగ్ సిస్టము చేయును. 1983లో వెలువడిన 4.2 బి.యస్.డి. యూనిక్సునందు సెలెక్ట్ అను పిలుపు ఈ పనికై యేర్పడినది. తరువాత సిస్టమ్ ఫైవ్ యూనిక్సునందు పోల్ అనునది వచ్చెను. 2000 సంవత్సరమున ఫ్రీబియస్‌డి యందు కేక్యూయును, అటుపిమ్మట లినక్సునందు ఈపోల్ అనునదియు చేరినవి. వేలకొలది కిటికీలను ఒక్కమాటుగా గనిపెట్టుటయందు వీనికి వీనికి గొప్ప తారతమ్యము కలదు గాని, అది మన ప్రస్తుత విషయము కాదు. పోల్‌నకు మనమొక పూర్ణసంఖ్యను మిల్లీసెకండులలో నీయవలెను. సున్న యిచ్చినచో నిలువకుండ కిటికీలన్నిటిని ఒక్కసారి చూచి వెంటనే తిరిగి వచ్చును. ఋణసంఖ్య నిచ్చినచో ఈవెంటు వచ్చువఱకు అనంతముగా నిద్రించును. ధనసంఖ్య నిచ్చినచో అంత కాలము మాత్రము నిరీక్షించి, ఏమియు రానిచో సున్న అను ఫలితముతో మేల్కొనును. ఇంతే శాస్త్రము. నా తప్పిదమింతలోనే జరిగినది.

కొన్నియేండ్ల క్రిందట ఒక మందుల గిడ్డంగివారు తమ శీతపేటికలను గనిపెట్టుటకై యొక ప్రోగ్రాము వ్రాసి యిమ్మని నన్ను కోరిరి. పేటికలు నాలుగు. వానిలో టీకామందు లుండెడివి. ఆ మందులను 2 మొదలు 8 సెల్సియస్ డిగ్రీల నడుమ నుంచవలెను. ప్రతి పేటికకు నొక ఉష్ణమాపకమును అమర్చితిమి. అది 30 సెకండుల కొకమాఱు తన అంకెను కంప్యూటరునకు బంపుచుండును. వేడిమి 8 డిగ్రీలు దాటినను, ఏ పేటికనుండియైన 5 నిమిషములు అంకె రాకున్నను గంట మ్రోగవలెనని నియమము. నేను పోల్‌నకు 3,00,000 మిల్లీసెకండుల టైమౌట్ నిచ్చి, అది సున్న ఫలితముతో తిరిగి వచ్చినపుడు గంట మ్రోగించునట్లు వ్రాసితిని. నా బల్లమీద నొక్క ఉష్ణమాపకమును బెట్టి పరీక్షించితిని. తీగ ఊడదీసితిని, 5 నిమిషములకు సరిగా గంట మ్రోగెను. తృప్తిపడి ప్రోగ్రామును అప్పగించితిని.

కొన్ని నెలలు గడచెను. ఒకనాటి రాత్రి రెండవ పేటిక ప్లగ్గు వదులై విద్యుత్తు నిలిచిపోయెను. దాని ఉష్ణమాపకము కూడ ఆ ప్లగ్గునుండియే విద్యుత్తును గ్రహించుచుండెను. కావున పేటిక వేడెక్కుచుండెను, మాపకము మూగవోయెను. గంట మాత్రము తెల్లవాఱువఱకును మ్రోగలేదు. ఉదయమున వచ్చిన ఉద్యోగి పేటిక తెఱచి చూచి నాకు ఫోను చేసెను. ఆ పేటికలోని మందునంతయు పాఱవేయవలసి వచ్చెను. ఆ వారమున టీకాలు వేయించుకొన వచ్చిన పిల్లలను, తల్లులను మరల రమ్మని పంపివేసిరట. ఆ మాట విన్నప్పుడు నేను పడిన సిగ్గు ఇంకను నన్ను విడువలేదు.

కారణమిది. రెండవ పేటిక మూగవోయినను, తక్కిన మూడు పేటికలు 30 సెకండుల కొకమాఱు పలుకుచునే యుండెను. వానిలో నేది పలికినను పోల్ మేల్కొనును. నా లూపు ఆ అంకెను వ్రాసికొని, మరల పోల్‌ను క్రొత్తగా 5 నిమిషముల నిడివితో పిలుచును. ఇట్లు ప్రతి పలుకును ఎదురుచూపును మొదటికి దెచ్చుచుండెను. 5 నిమిషములు ఎన్నడును పూర్తి కావు. నలుగురును ఒక్కమాఱే మూగవోయిననేగాని గంట మ్రోగదు. నేను వ్రాయదలచినది “ఈ పేటిక 5 నిమిషములుగా పలుకలేదు” అని. వ్రాసినది “ఏ పేటికయు 5 నిమిషములుగా పలుకలేదు” అని. బల్లమీద ఒకే మాపకమున్నప్పుడు ఈ రెండును ఒక్కటియే గదా! పరీక్ష నన్ను మోసగించినదని చెప్పుటకన్న, పరీక్షను నేనే మోసగించితినని చెప్పుట న్యాయము.

తపాలా గుమాస్తా ఉపమానమునకు మరల వత్తము. అతడు 3 గంటలకు కునుకు తీయబోవుచు “గంట సేపటికి లేపుము” అని చెప్పెను. 3-20కి ఒకరు స్టాంపులకై వచ్చిరి. లేచి స్టాంపులిచ్చి, మరల పడుకొనుచు తిరిగి “గంట సేపటికి లేపుము” అనెను. 3-50కి మఱియొకరు వచ్చిరి. మరల అదే మాట. తెలివిగల గుమాస్తా ఇట్లనడు. అతడు 4 గంటలను గుర్తుంచుకొని, మొదట గంట యనియు, పిమ్మట 40 నిమిషములనియు, ఆ తరువాత 10 నిమిషములనియు చెప్పును. అతడు మనస్సునందు నిలుపుకొన్నది గడువు. నోటితో చెప్పినది, గడువునుండి అప్పటికప్పుడు తీసివేత చేయగా మిగిలిన నిడివి. పోల్‌నకు నిడివియే కావలయును. ప్రోగ్రాము భద్రపఱచుకొనవలసినది మాత్రము గడువునే. ఈ విషయమున జరుగు పొరపాట్లలో నధికభాగము, నాకు దెలిసినంతవఱకు, ఈ భేదమును మఱచుటవలననే పుట్టుచున్నవి.

కావున సరియైన లూపు ఇట్లు నడువవలెను. ప్రతి పేటికకును ఒక గడువు ఉండును. అంకె వచ్చినప్పుడెల్ల ఆ పేటిక గడువు మాత్రము 5 నిమిషములు ముందునకు జరుగును. తక్కిన వాని గడువులు కదలవు. నిద్రింపబోవు ముందు గడువులన్నిటిలో మిక్కిలి దగ్గరి దానిని వెదకి, అందుండి ఇప్పటి కాలమును తీసివేసి, వచ్చిన శేషమును పోల్‌నకు ఈయవలెను. గడువులే లేనిచో ఋణసంఖ్య, గడువు దాటిపోయినచో సున్న. నాలుగు గడువులున్నచోట దగ్గరిదానిని వెదకుట సులభమే. పదివేల గడువులున్నచోట ప్రతిమాఱు అన్నిటిని చూచుట వ్యర్థము. అందువలన గడువులను హీప్ అను అమరికలో నుంతురు. దానియందు దగ్గరి గడువెల్లప్పుడు శిఖరమున నుండును. పదివేలలోనికి క్రొత్తదానిని చేర్చుటకు పదునాలుగు పోలికలకు మించి అక్కఱలేదు. పైథాన్ భాషయందలి అసింక్ఐఓ, నోడ్ జెయస్‌నకు ఆధారమైన లిబ్‌యువి, ఈ రెండును హీప్‌నే వాడుచున్నవి. గడువులు లక్షలకు చేరి, వానిలో పెక్కు తీఱకమునుపే రద్దగుచుండుచో, 1987లో జార్జి వర్గీస్, ఆంథొనీ లాక్ అను వారు ప్రకటించిన కాలచక్రముల పద్ధతి మేలు. గడియారపు ముల్లు గళ్ళవెంట జరిగినట్లు అందు గడువులను గళ్ళలో పంచి యుంతురు.

తీసివేత అని తేలికగా చెప్పితిని గాని, అందును రెండు గుంటలున్నవి. గడువు తీఱి ఒక్క మిల్లీసెకండు గడచినదనుకొనుడు. శేషము ఋణము 1 అగును. దానిని సరిచూడక పోల్‌నకు ఇచ్చినచో, ఋణసంఖ్యకు అనంతమని గదా దాని అర్థము, అది యిక లేవదు! వెంటనే చేయవలసిన పని శాశ్వతముగా నిలిచిపోవును. ఇట్టి దోషము దినమునకొకసారి రావచ్చును, ఏడాదికొకసారి రావచ్చును. పనియొత్తిడి హెచ్చుగానున్నపుడే తఱచుగా వచ్చును. కావున శేషము సున్నకన్న తక్కువైనచో సున్నగా మార్చుట తప్పనిసరి. రెండవ గుంట దీనికి విపరీతము. కాలమును మైక్రోసెకండులలో గొలుచుచు, పోల్‌నకు మిల్లీసెకండులలో నీయునపుడు, 400 మైక్రోసెకండుల శేషమును భిన్నము వదలి సున్నగా జేసినచో, పోల్ వెంటనే తిరిగివచ్చును. గడువు ఇంకను తీఱలేదు, మరల సున్న, మరల తిరిగివచ్చును. గడువు తీఱువఱకు ప్రోగ్రాము నిద్రపోక, పనియు చేయక, గిరగిర దిరుగుచు విద్యుత్తును తినును. నిరీక్షణలో భిన్నమును ఎల్లప్పుడు పైకి సవరింపవలెను. ఒక మిల్లీసెకండు ఆలస్యమగుట క్షమార్హము. పైథాన్ గ్రంథాలయమున పోల్, ఈపోల్‌లకు ఇట్లే పైకి సవరించుచున్నారు. మిల్లీసెకండుకన్న సూక్ష్మమైన నిరీక్షణ కావలసినవారికై 2021లో వచ్చిన లినక్సు 5.11లో ఈపోల్-పివెయిట్-2 అను పిలుపును చేర్చిరి. అది నానోసెకండులలో కాలమును గ్రహించును.

ఇక అసలు చిక్కు “ఇప్పటి కాలము” అను మాటయందున్నది. నేను ప్రోగ్రామును పైరీతిని దిద్ది, గడువులను మామూలు గడియారపు కాలముతో వ్రాసితిని. కొలది వారములకే మఱియొక వింత జరిగెను. గిడ్డంగి కంప్యూటరులోని చిన్న బ్యాటరీ చచ్చియుండెను. కరెంటు పోయి వచ్చినపుడు దాని తేదీ ఎన్నియో యేండ్లు వెనుకకు పోయి, ఇంటర్నెట్టు తగులుకొన్న తరువాత ఒక్కమాఱుగా నేటి తేదీకి దుమికెను. అంతట నాలుగు పేటికలును ఏండ్ల తరబడి పలుకలేదని నా ప్రోగ్రాము తలచి, నాలుగు గంటలను మ్రోగించెను. ఉద్యోగులు హడలిపోయిరి. ఇది యొక విధముగా మేలే, నష్టము లేదు. గడియారము వెనుకకు తిరిగియున్నచో గడువు అంతకంత దూరమై, మొదటి యుపద్రవమే మరల వచ్చియుండును.

మన పూర్వులు ముహూర్త నిర్ణయమునకు గడియకుడుకను వాడెడివారు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటితొట్టిలో విడిచెదరు. అది నిండి మునుగుటకు ఒక గడియ, అనగా 24 నిమిషములు పట్టును. దినమునకు 60 గడియలు. ఆ కుడుకకు నేడే వారమో, తిథియేమో తెలియదు. సూర్యోదయము మొదలు ఎన్ని గడియలు గడచెనో మాత్రమే అది తెలుపును. పంచాంగమున తప్పు దొర్లి, దానిని దిద్దినంతమాత్రమున నీట మునుగుచున్న కుడుక త్వరపడదు, వెనుకాడదు. కంప్యూటరునందును ఇట్టి రెండు కాలమానములున్నవి. ఒకటి తేదీని, వేళను తెలుపు గోడ గడియారము. దానిని మనుష్యులును, నెట్‌వర్కును దిద్దుచుందురు. రెండవది మోనోటోనిక్ అను గడియారము. దాని వేగమును కొలదిగా సవరింపవచ్చునుగాని, దానిని దుమికించుటగాని వెనుకకు త్రిప్పుటగాని తగదు. దాని అంకెకు తేదీగా అర్థము లేదు; రెండు అంకెల భేదమునకే అర్థము. టైమౌట్ గడువులకు ఈ రెండవదియే తగినది. “జనవరి 1 ఉదయము 9 గంటలకు” అను పనికి మొదటిది కావలయును. ఒకదాని చోట మఱియొకదానిని వాడుట, పంచాంగము చూచి అన్నము వార్చుట వంటిది.

ఈ పొరపాటు నావంటి చిన్నవారికే పరిమితము కాదు. భూమి తిరుగుడుకును, అణుగడియారములకును పొత్తు కుదుర్చుటకై 1972 మొదలు అప్పుడప్పుడు ఒక సెకండును చేర్చుచు వచ్చిరి. 2012 జూన్ 30న అట్లు చేర్చినపుడు, అనగా మన దేశమున జూలై 1 వేకువ 5-30 వేళకు, ప్రపంచమున పెక్కు లినక్సు సర్వరులు ఒక్కమాఱుగా వేడెక్కెను. కెర్నెల్‌లో సూక్ష్మకాలమును జూచు భాగమునకు సెకండు చేరిన వార్త అందలేదు. కావున గోడ గడియారముకన్న అది ఒక సెకండు ముందుండెను. సెకండుకన్న తక్కువ టైమౌట్‌తో నిద్రింపబోయిన ప్రతి ప్రోగ్రామునకును “నీ గడువు తీఱినది” అని అది వెంటనే చెప్పి లేపెను. ప్రోగ్రాము లేచి చూచును, పనిలేదు; మరల నిద్రింపబోవును, మరల లేపును. జావా ప్రోగ్రాములు, మైసీక్వెల్ డేటాబేసులు ఇట్లు నిరర్థకముగా తిరుగజొచ్చెను. రెడిట్ వంటి సైట్లు నిలిచిపోయెను. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానసంస్థవారి ప్రయాణికుల నమోదు స్తంభించి విమానములు ఆలస్యమయ్యెను. నివారణోపాయము విన్న నవ్వు వచ్చును: గడియారమును మరల అదే వేళకు దిద్దుమని ఒక్క ఆజ్ఞ ఇచ్చినచో అంతయు సర్దుకొనెను. దిద్దుటతో కెర్నెల్ తన లెక్కను సరిచూచుకొనెడిది.

2016 డిసెంబరు 31న 27వ అదనపు సెకండు చేరినప్పుడు క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ యొక డి.యన్.యస్. ప్రోగ్రాము కొన్ని యంత్రములపై కూలెను. రెండు వేళల భేదము ఎన్నడును ఋణము కాదని దానిని వ్రాసినవారు తలచిరి. ఆనాడు ఋణమైనది. ఆ ప్రోగ్రాము గో భాషలో నున్నది. అప్పటికి ఆ భాషలో సామాన్యులకు అందుబాటులో నున్నది గోడ గడియారమొక్కటే. ఆ సంస్థకు వచ్చిన డి.యన్.యస్. ప్రశ్నలలో మిక్కిలి హెచ్చుగా నున్న వేళ సుమారు 0.2 శాతమునకు ఈ దెబ్బ తగిలెను. 2017 ఆగస్టులో వెలువడిన గో 1.9లో కాలపు విలువలతో మోనోటోనిక్ అంకెను గూడ చేర్చిరి. అదనపు సెకండుల పద్ధతినే సడలింపవలెనని 2022లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించినది. 2035 నాటికి గాని, అంతకుముందుగాని అది అమలు కావలెను. అందువలన మనకు ధైర్యము చెల్లదు. చచ్చిన బ్యాటరీలు, తప్పుగా దిద్దు చేతులు ఎన్నటికిని తీర్మానములకు లోబడవు.

గడువును మఱచుటవలన గలిగెడి మఱియొక చిక్కు అంతరాయములది. యూనిక్సు వంటి వ్యవస్థలలో పోల్ నిద్రలో నుండగా సిగ్నల్ వచ్చినచో, ఈవెంటు రాకయు, గడువు తీఱకయు, “అంతరాయము కలిగినది” అను దోషసంఖ్యతో అది తిరిగి వచ్చును. మరల పిలువవలసినదే. అప్పుడు మొదటి నిడివితోనే పిలిచినచో కథ మొదటికి వచ్చును. 4 నిమిషముల కొకసారి సిగ్నల్ వచ్చుచుండుచో 5 నిమిషముల గడువు తీఱదు. శేషమును క్రొత్తగా లెక్కించి పిలువవలెను. పైథాన్ 3.5లో, 2015లో, ఈ పనిని భాషయే చేయునట్లు మార్చిరి. లినక్సునందు సెలెక్ట్ తిరిగి వచ్చునపుడు, మిగిలిన నిడివిని మనమిచ్చిన పెట్టెలోనే వ్రాసి యిచ్చును. సౌకర్యమే గాని తక్కిన యూనిక్సులు పెక్కిట్లు చేయవు. దానిని నమ్మి వ్రాసిన ప్రోగ్రాము ఊరు మారిన పిమ్మట చెడిపోవును. ఎక్కడికి పోయినను చెల్లునది మన చేతిలోని గడువొక్కటే.

నిడివికి పైహద్దు కూడ కలదు. పోల్ గ్రహించు పూర్ణసంఖ్య సాధారణముగా 2,14,74,83,647 మించరాదు. మిల్లీసెకండులలో అది 24 దినముల 20 గంటల 31 నిమిషములు. నెల దినముల గడువునకు ఒక్కమాఱు నిద్రింపబోయినచో సంఖ్య పొంగి ఋణమై, అనంతనిద్రయో మఱియేమో సంభవించును. నోడ్ జెయస్‌లో ఇంతకు మించిన నిడివినిచ్చినచో అది 1 మిల్లీసెకండుగా మారును. నెలకు జరుగవలసినది వెంటనే జరుగును! దీనికి విరుగుడు సులభము. ఎంత దూరపు గడువైనను, ఒక దినము మించకుండ నిద్రించి, లేచి చూచి మరల నిద్రింపవచ్చును. అసింక్ఐఓ సరిగా 24 గంటలనే హద్దుగా బెట్టుకొన్నది. 32 బిట్ల మిల్లీసెకండు లెక్క 49 దినముల 17 గంటలకు మరల సున్నకు వచ్చుటచేత విండోస్ 95 స్తంభించెడిదనునది ప్రసిద్ధమైన కథ.

మేల్కొనిన తరువాత ఏది ముందు చేయవలెనను ప్రశ్నకు అందఱు నొక్క సమాధానము చెప్పరు. లిబ్‌యువి ఒక మాఱు పఠించిన కాలమును ఆ చుట్టంతయు వాడుకొనును. నడుమ నొక పని దీర్ఘముగా సాగినచో ఆ అంకె పాతదగును. దానిపై గడువు గట్టినచో గడువు తొందరపడి తీఱును. అట్టిచోట కాలమును మరల చదువుమని చెప్పవలెను. నా పేటికల విషయమున నాకు దోచినది వేఱు. కంప్యూటరు మఱియొక భారముచేత 6 నిమిషములు బిగిసిపోయి లేచినదనుకొనుడు. నాలుగు గడువులును తీఱియుండును. కాని పేటికలు పంపిన అంకెలు కిటికీలకడ పోగుపడి యుండును. గడువులను ముందు చూచినచో నాలుగు గంటలును అబద్ధముగా మ్రోగును. కావున ముందు సున్న టైమౌట్‌తో కిటికీలను చూచి, వచ్చిన అంకెలను గ్రహించి, గడువులను జరిపి, అటుపిమ్మటనే తీఱిన గడువులను విచారించునట్లు వ్రాసితిని. అంకెలు ఎడతెగక వచ్చుచుండుచో గడువుల వంతు రాకపోవునను భయము కలదు. అందుచేత ఒక చుట్టునకు ఇన్ని అంకెలు మాత్రమే చదువునట్లు హద్దు పెట్టితిని. అబద్ధపు గంటను చిన్న దోషమని యెంచరాదు. నాలుగుమాఱులు అబద్ధముగా మ్రోగిన గంటను అయిదవమాఱు ఎవ్వరును లెక్కచేయరు.

ఇంకొక సందు మిగిలియుండెను. గిడ్డంగివారు కొంతకాలమునకు ఆ కంప్యూటరును తీసి ల్యాప్‌టాప్‌ను పెట్టిరి. మూత మూసినచో అది నిద్రావస్థకు పోవును. లినక్సునందలి మోనోటోనిక్ గడియారము ఆ నిద్రాకాలమును లెక్కింపదు. రాత్రియంతయు మూతమూసి ఉంచి ఉదయమున తెఱచినచో, దానికి ఒక్క క్షణమే గడచినట్లుండును. నీరు గడ్డకట్టినప్పుడు మునుగక నిలిచిన గడియకుడుక వంటిదది. నిద్రాకాలమును గూడ లెక్కించు బూట్‌టైమ్ అను గడియారము 2011 మొదలు లినక్సునందు కలదు. గడువులను దానితో గట్టితిని. అది యంత్రమును నిద్రనుండి లేపదు గాని, లేచిన వెంటనే ఎంత కాలము పేటికలను చూడలేదో యథార్థముగా చెప్పును. మూతను మూయకుండ జేయుటకు మాత్రము ప్రోగ్రాము చాలలేదు. దానిపై కాగితమంటించి పెద్దయక్షరములతో వ్రాయవలసి వచ్చెను.

ప్రోగ్రామును మరల అప్పగింపకమునుపు, ఈమాఱు నాలుగు మాపకములను బల్లమీద బెట్టితిని. మూడింటిని పలుకనిచ్చి నాలుగవదాని తీగ ఊడదీసితిని. ఊడదీసి 2 నిమిషములైన పిమ్మట గోడ గడియారమును ఒక గంట వెనుకకు త్రిప్పితిని. మఱియొక నిమిషమునకు ప్రోగ్రామునకు సిగ్నల్ పంపితిని. చేతిగడియారము చూచుచు కూర్చుంటిని. 5 నిమిషముల మీద ఒక సెకండైనను గడువకమునుపే నాలుగవ పేటిక గంట, అదియొక్కటియే, మ్రోగెను.